పెద్ద రెస్టారెంట్‌కి ఇంటి క్యారియర్ తీసుకెళ్లొచ్చా?

మీ నాన్నగారికి డాక్టరు ఉప్పు తగ్గించమన్నారని, పెళ్లిరోజు విందు కడపలో పెద్ద రెస్టారెంట్‌లో పెట్టుకున్నామని, ఆయన కోసం ఇంటి నుంచి క్యారియర్ తీసుకెళ్తే నలుగురిలో పరువు పోతుందా అని అడిగారు. తీసుకెళ్లండి. ఈ విషయంలో నేను ఒకసారి తప్పు చేశాను. దానివల్ల మా అవ్వ ఆ రాత్రి అరకడుపుతో పడుకోవాల్సొచ్చింది.

మాదీ కడపే. నాలుగేళ్ల కిందట తమ్ముడికి ఉద్యోగం వచ్చిందని ఇంటిల్లిపాదినీ పెద్ద హోటల్‌కి తీసుకెళ్లాడు. అవ్వకి అప్పటికే 79. షుగరు, పైగా పళ్లు లేవు. రాత్రిపూట రాగి సంగటి తప్ప ఏదీ గొంతు దిగదు. సంగటైతే నమిలే పని లేదు, ముద్ద అద్దుకుని మింగడమే. అందుకని అమ్మ సాయంత్రమే సంగటి కెలికి, తడిగుడ్డలో చుట్టి క్యారియర్ కింది గిన్నెలో పెట్టింది. పై గిన్నెలో పాలకూర పుల్లగూర.

అవ్వ మూత తీసిందో లేదో సర్వర్ వచ్చి, "సార్, బయటి ఫుడ్ అలౌ చేయం" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. అవ్వ వెంటనే మూత పెట్టేసి, రెండు చేతులూ దానిమీద ఆనించి కూర్చుంది. తమ్ముడు గొడవకు లేవబోతే మోకాలి మీద చెయ్యేసి, "ఉండనీలే నాయనా, ఇంటికి పోయినాక తింటా" అంది. గంటన్నర అట్లాగే కూర్చుంది. మేమంతా ఆమె ఎదురుగానే తిన్నాం. ఇది రాస్తుంటే ఇప్పటికీ బాధగానే ఉంది.

అదే సమయానికి పక్క టేబుల్లో ఒక పాప పుట్టినరోజు. బేకరీ డబ్బాలో కేకు వచ్చింది. ఆ సర్వరే చాకు తెచ్చిచ్చి, చప్పట్లు కూడా కొట్టాడు. కేకు బయటి తిండి కాదా? సంగటికి ఒక రూలు, కేకుకి ఒక రూలు ఏమిటి?

బిల్లు కట్టేటప్పుడు మేనేజర్ని ఇదే అడిగాను. "ముందు ఒక్క మాట చెప్పుంటే ఏదో ఒకటి చేసేవాళ్లం సార్. బయటి తిండి తిని ఎవరికన్నా కడుపు పాడైతే మా కిచెన్ మీదికే వస్తుంది" అన్నాడు. అందులో న్యాయముంది. ఫోన్ చేయాల్సింది నేను. చేయలేదు. ఇంటికొచ్చేసరికి సంగటి గట్టిపడిపోయింది. అవ్వ సగం ముద్ద తిని పడుకుంది.

చట్టం సంగతికొస్తే, 2023 జనవరిలో సుప్రీంకోర్టు సినిమా హాళ్ల గురించి తీర్పిచ్చింది. బయటి తిండి వద్దనే హక్కు యజమానిదే, కానీ తాగే నీళ్లు ఉచితంగా ఇవ్వాలి, చంటిబిడ్డల కోసం తెచ్చిన ఆహారాన్ని ఆపకూడదు అంది. అది హాళ్ల గురించే అయినా రెస్టారెంట్లకీ నేను అదే న్యాయం అంటాను. స్థలం వాళ్లది, మాట వాళ్లది. పసిపిల్లలకీ, ముసలివాళ్లకీ, జబ్బు మనుషులకీ మాత్రం సడలించాలి. ఒళ్లు బాగున్నవాళ్లు బిర్యానీ పొట్లం తెచ్చుకుని ఏసీలో కూర్చుని విప్పడం మర్యాద కాదు. ఆ వంటవాళ్ల జీతాలు మనం ఆర్డర్ చేసే తిండి మీదే రావాలి.

అసలు కడపలో కూర్చుని ముసలిమనిషికి ఒక ముద్ద సంగటి దొరక్కపోవడమేంటి? మెనూలో మంచూరియాలే నాలుగు రకాలు. సంగటి పెట్టేచోట నాటుకోడి పులుసుతో కలిపి 'రాయలసీమ స్పెషల్' అంటారు, ఉత్త ముద్ద ఇమ్మంటే కుదరదంటారు. ఉప్పు లేని పప్పు అడిగితే, పొద్దున్నే వండేశామంటారు. ముసలివాళ్లు, షుగరు, బీపీ లేని ఇల్లు ఏ వీధిలో ఉంది?

పోయినేడు అనంతపురంలో బంధువులతో భోజనానికి పోయినప్పుడు రెండు రోజుల ముందే ఫోన్ చేశాను. "ముసలామె ఒక్కరికే ఇంటి సంగటి తెస్తాం, మిగతా ఎనిమిదిమందిమీ మీ దగ్గరే తింటాం" అన్నాను. సరేనన్నారు. వెళ్లగానే గిన్నె తీసుకుని వేడిచేసి, స్టీలు కంచంలో పెట్టి, మీద నెయ్యి వేసి తెచ్చారు. తెచ్చిన పిల్లోడు "ఊరిమిండి లేదా అవ్వా, సంగటిలోకి?" అని అడిగాడు. ఊరిమిండి అంటే మా వైపు పచ్చడి. అవ్వ ముద్ద మొత్తం తినింది. బిల్లులో దానికి పైసా వేయలేదు.

కాబట్టి టేబుల్ బుక్ చేసేటప్పుడే చెప్పండి. రద్దీ వేళ కాకుండా మధ్యాహ్నం మూడు, నాలుగు మధ్య ఫోన్ చేస్తే వినే తీరిక ఉంటుంది. వద్దంటే ఇంకో చోటు చూసుకోండి, ఊళ్లో అదొక్కటే లేదు కదా. నాన్నగారికి మాత్రమే తీసుకెళ్లండి, క్యారియర్ టేబుల్ కింద దాచకుండా కూర్చోగానే వాళ్ల చేతికివ్వండి. ముందు ఆయన కంచం రానీయండి, ఆ తర్వాతే మీ స్టార్టర్లు చెప్పండి.