ప్రశ్నలు – జవాబులు: స్టాఫ్‌రూమ్‌లో సాక్ష్యం

ప్రశ్న: అయ్యగారికి వందనములు. నేను జమ్మలమడుగు ప్రాంతంలోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. మా స్టాఫ్‌రూమ్‌లో క్రైస్తవురాలిని నేనొక్కదాన్నే. రోజుకొకరికైనా సువార్త చెప్పాలని మా సంఘంలో గట్టిగా బోధిస్తున్నారు. మధ్యాహ్నం అందరం క్యారియర్లు విప్పుకొని కూర్చున్నప్పుడు ఆ మాట ఎత్తాలంటే నాకు గొంతు పెగలదు. పోనీ పిల్లలకు చెబుదామంటే భయం. మొన్న వినాయక చవితికి తోటి టీచరు తెచ్చిన ఉండ్రాళ్లు వద్దన్నందుకు ఆమె ఇప్పటికీ ముభావంగా ఉంటున్నది. నేను ప్రభువును గూర్చి సిగ్గుపడుతున్నానా?
– ఒక సోదరి, కడప జిల్లా

జవాబు: అమ్మా, పిల్లల సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే అక్కడ సందేహానికి తావు లేదు. తన మతాన్ని అవలంబించడానికీ, ప్రచారం చేసుకోవడానికీ రాజ్యాంగం 25వ అధికరణంలో అందరికీ స్వేచ్ఛ ఇచ్చింది గాని, పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థలో మతబోధ కూడదని 28వ అధికరణంలో చెప్పింది. చట్టం మాట అటుంచినా, మార్కులు వేసే చేయి మీది. మీ మాటకు పిల్లవాడు తల ఊపితే అది నమ్మకమో, భయమో మీకే తెలియదు. తల్లిదండ్రులు వాణ్ణి మీ దగ్గరికి పంపింది చదువు కోసం. వెనుక బెంచీలో కూర్చున్నవాడికి సైతం అర్థమయ్యేదాకా ఓపికగా పాఠం చెప్పండి. తరగతి గదిలో మీ నుండి ప్రభువు కోరేది అదే. అక్కడ మీరు మౌనంగా ఉండటం సిగ్గుపడటం కాదు.

స్టాఫ్‌రూమ్ సంగతి వేరు. అక్కడ మీరంతా సమానులు, మాట్లాడుకోవడానికి అడ్డేమీ లేదు. అయితే రోజుకొకరు అనే లెక్కను అపొస్తలులు ఎక్కడా పెట్టలేదు. పొంతు, గలతియ, కప్పదొకియ మొదలైన చోట్ల చెదరిపోయి, అన్యజనుల మధ్య కొద్దిమందిగా బతుకుతున్న విశ్వాసులకు రాస్తూ, మీలో ఉన్న నిరీక్షణను గూర్చి హేతువు అడిగే ప్రతివానికీ సాత్వికముతోను భయముతోను సమాధానం చెప్పడానికి సిద్ధంగా ఉండమన్నాడు పేతురు (1 పేతురు 3:15). ఎవరో ఒకరు అడుగుతారన్న నమ్మకంతోనే ఆయన ఆ మాట రాశాడు. మరి ఎందుకు అడుగుతారు? బడికి రాని రోజుకు మరునాడు హాజరు పట్టీలో సంతకం పెట్టేయమని అందరూ అంటున్నా మీరు పెట్టనప్పుడు, సెలవులో ఉన్న టీచరు గురించి చాటుమాటలు సాగుతుంటే మీరు అందులో చేయి కలపనప్పుడు, ఈమె ఇట్లా ఎందుకుంటుందని ఒకరికైనా అనిపించకపోదు.

ఏదో ఒక రోజు ఒకామె మీ పక్కన కూర్చొని, "మీరు ప్రార్థన చేస్తారంట గదా మేడం, మా అమ్మను ప్రొద్దుటూరు ఆసుపత్రిలో చేర్పించినాం, ఆమె కోసం చేయండి" అంటుంది. అప్పుడు ప్రార్థించండి. ఆ వారం ఆమె పీరియడ్లు మీరు తీసుకోండి, సాయంత్రం ఒక క్యారియర్ అన్నం ఆసుపత్రికి తీసుకువెళ్లండి. తప్పక నయమవుతుందని మాత్రం మాట ఇవ్వకండి. మందులు ఆపమనే సలహా పొరపాటున కూడా మీ నోట రాకూడదు. మీకెందుకు ధైర్యం కలుగుతుందని ఆమె అడిగితే, ప్రభువు మీ జీవితంలో చేసినది నాలుగు మాటల్లో చెప్పండి. కుష్ఠరోగంతో బాధపడుతున్న సిరియా సేనాధిపతి నయమాను ఇంట చెరపట్టబడి ఉన్న చిన్నది చెప్పింది ఒక్క మాటే: మా యేలినవాడు షోమ్రోనులోని ప్రవక్త దగ్గరికి వెళ్తే బాగుండును అని (2 రాజులు 5:3). యజమాని బాగు కోరి అన్న మాట గనుకనే అది ఆ ఇంట చెల్లింది.

ప్రచారం చేసుకునే హక్కులో ఇతరుల మతం మార్చే హక్కు లేదని 1977లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. దీన్ని విని మనవాళ్లు కొందరు నొచ్చుకుంటారు గాని, మనసు మార్చేది పరిశుద్ధాత్ముడే తప్ప మనం కాదని నమ్మేవారికి ఇందులో బెంగ పెట్టుకోవలసినది నాకు కనబడదు. చెప్పడం వరకే మన పని.

ఇక మన కడపలో దేవుని మాట ఎత్తితే ఎవరూ ఉలిక్కిపడరు. ఉగాదినాడు దేవుని కడప వెంకన్న గుడికి ముస్లింలు వస్తారు, పెద్ద దర్గాకు అన్ని మతాలవారూ వెళ్తారు. ఇక్కడివారికి కష్టం కలిగేది మన దేవుణ్ణి గూర్చి చెప్పినప్పుడు కాదు, వారి దేవుణ్ణి చులకన చేసినప్పుడు. ఎఫెసులో పౌలు బోధ వల్ల తమ అర్తెమి దేవికి చిన్నతనమని జనం అంత అల్లరి చేసినా, వీరు గుడి దోచినవారూ కారు, మన దేవతను దూషించినవారూ కారు అని ఆ పట్టణపు కరణమే పౌలు సహచరుల పక్షాన చెప్పాడు (అపొ. కార్యములు 19:37). మీ బడిలో మీ గురించి అటువంటి మాట ఎవరైనా అనగలరా అని చూసుకోండి.

ఉండ్రాళ్ల విషయంలో మీరు వద్దనడం తప్పని నేననను. విందుకు పిలిస్తే వెళ్లి వడ్డించినది విచారించకుండా తినమనీ, ఇది అర్పించినదని ఎవరైనా చెబితే మాత్రం తినవద్దనీ కొరింథీయులకు పౌలు చెప్పాడు (1 కొరింథీ 10:27, 28). అయితే నలుగురి ఎదుట చేయి వెనక్కి లాగేసుకొని, మొహం చిట్లించి వద్దనడం ఒకటి. పక్కకు వెళ్లి, "అక్కా, ప్రసాదం మేము తీసుకోము, ఏమీ అనుకోవద్దు, రేపు నీ క్యారియర్‌లో కూర మాత్రం నాకు పెట్టాల్సిందే" అనడం మరొకటి. ఇప్పటికైనా ఆమెతో ఆ మాట అనండి. పండుగ మరునాడు పూజలో పెట్టని ఓళిగలు ఆమె తెస్తే రెండు అడిగి మరీ తినండి. డిసెంబరులో మీరు తీసుకువెళ్లిన కేకును ఆమె వద్దంటే, మీరు ముభావంగా ఉండవద్దు.