పొట్టు నుంచి పొయ్యి దాకా: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

బెంగళూరు తెలుగువాళ్ల దగ్గర్నుంచి ఈమధ్య కట్టె, చెనక్కాయ పొట్టు, బ్రికెట్ల (పొట్టును, కట్టె పొడిని గట్టిగా నొక్కి చేసే కట్టె దిమ్మెల) గురించి ఉత్తరాలు ఎక్కువగా వస్తున్నాయి. వాటిలో పదిమందికీ పనికొచ్చేవి ఏరి ఇక్కడ ఇస్తున్నాం.

ప్రశ్న: మారతహళ్లిలో 80 మంది ఉండే పీజీ హాస్టల్ నడుపుతున్నాం. మేడమీద సోలార్ ఉన్నా మబ్బు పట్టిన రోజుల్లోనూ చలికాలం పొద్దుటి పూటా నీళ్లు చాలడం లేదు. బ్రికెట్లతో నడిచే నీళ్ల బాయిలర్ పెట్టమని ఒకరు చెబుతున్నారు. రోజుకు ఎంత కాలుతుంది? చిక్కులేమైనా ఉన్నాయా?

ముందు లెక్క చూద్దాం. మనిషికి 55 డిగ్రీల నీళ్లు 25 లీటర్లు అనుకుంటే మీకు 2,000 లీటర్లు కావాలి. చలికాలం పొద్దున ట్యాంకులో నీళ్లు 22 డిగ్రీలు ఉంటే 33 డిగ్రీలు పెంచాలి, అంటే 66,000 కిలోకేలరీలు. మంచి బ్రికెట్టు కిలోకు 3,800 కిలోకేలరీలు ఇస్తుంది. చిన్న బాయిలర్లలో అందులో 60 శాతం నీళ్లకు చేరితే బాగా పనిచేస్తున్నట్టే. ఆ లెక్కన రోజుకు 29, 30 కిలోలు కాలుతాయి. అదే పని గ్యాస్‌తో చేస్తే ఏడున్నర కిలోలు, అంటే 19 కిలోల సిలిండరు రెండున్నర రోజులు వస్తుంది. కరెంటుతో అయితే 80 యూనిట్ల పైమాట.

కాబట్టి ఒక కిలో గ్యాస్‌కు నాలుగు కిలోల బ్రికెట్లు. మీ వీధిలో ఇవాళ్టి రేట్లు వేసుకుని చూడండి. బ్రికెట్ల ఖర్చుకు మనిషి కూలి, బూడిద ఎత్తే పని కలపడం మరవకండి. అమ్మేవాళ్లు ఆ రెండూ చెప్పరు. సోలార్‌ను మాత్రం తీసేయొద్దు. సోలార్ ట్యాంకు నీళ్లనే బాయిలర్‌కు పంపండి. మబ్బు రోజున కూడా ఆ నీళ్లు 40 డిగ్రీలకు వచ్చి ఉంటే మిగిలిన 15 డిగ్రీలకు 13 కిలోలు చాలు.

ఇక చిక్కుల్లో మొదటిది, ప్రాణం మీదికి తెచ్చేది, గాలిగొట్టం. గ్యాస్‌ను తిప్పి ఆపినట్టు కట్టె మంటను ఆపలేం. కరెంటు పోయి పంపు ఆగినా పొయ్యి మండుతూనే ఉంటుంది, బాయిలర్‌లో నీళ్లు మరిగిపోతాయి. అందుకే బాయిలర్ పైభాగం నుంచి ఓవర్‌హెడ్ ట్యాంకు కన్నా ఎత్తుకు ఒక గొట్టం తెరిచి ఉండాలి. దానికి ఎక్కడా వాల్వు పెట్టకూడదు. నీళ్లు చిమ్ముతున్నాయని ప్లంబర్ దాన్ని మూసేస్తే ఆ బాయిలర్ కింద నిలబడడమే ప్రమాదం. స్నానాల గదుల్లోకి వెళ్లే లైన్లో చన్నీళ్లు కలిపే మిక్సింగ్ వాల్వు కూడా పెట్టించండి. కట్టె బాయిలర్ నీళ్లు ఒక్కోసారి 80 డిగ్రీలు దాటుతాయి.

రెండోది పొగ. పొయ్యి నిండా బ్రికెట్లు కుక్కి, గాలి తలుపు మూసేసి, నిదానంగా కాలుతుందిలే అనుకుంటే నల్లపొగ వస్తుంది, పొగగొట్టం లోపల తారు పేరుకుంటుంది. తర్వాతెప్పుడో ఆ తారే అంటుకుంటుంది. 30 కిలోలను ఒకేసారి వేయకుండా, ఐదారు కిలోల చొప్పున వేస్తూ గాలి బాగా అందేలా మండించి, ఆ వేడిని ఇన్సులేషన్ ఉన్న ట్యాంకులో దాచుకోండి. పొగగొట్టంలో మలుపులు వీలైనంత తగ్గించండి, పక్క మేడల కన్నా పైకి లేపండి. పక్కింటి వంటగది కిటికీ ఎదురుగా పొగ వదిలితే ఫిర్యాదు రాకుండా ఉండదు, రావడమే న్యాయం కూడా. కొనేముందే కర్ణాటక కాలుష్య నియంత్రణ మండలి నిబంధనలు తెలుసుకోండి.

చట్టం గురించి ఒక మాట. నీళ్లను 100 డిగ్రీల లోపే వేడిచేసే బాయిలర్ బాయిలర్ల చట్టం కిందకి రాదు. వంటగదిలో ఆవిరి బాయిలర్ కూడా పెడదామనుకుంటే సంగతి వేరు. 25 లీటర్లు దాటి, చదరపు సెంటీమీటరుకు ఒక కిలో మించిన ఒత్తిడితో నడిచేదయితే తనిఖీ, రిజిస్ట్రేషను తప్పవు.

మీది బోరు నీళ్లయితే గొట్టాల లోపల సున్నపు పొర కడుతుంది, దాంతో మంట వేడి నీళ్లకు చేరక పొగగొట్టంలోంచి పోతుంది. ఒకే మోతాదు నీళ్లకు నెలనెలా బ్రికెట్ల వాడకం పెరుగుతోందంటే మొదట అనుమానించాల్సింది దీన్నే. నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లు గొట్టాల్లో తిప్పి కడిగించండి.

బ్రికెట్లను నేలకు ఇటుకలెత్తు పైన, గోడకు జానెడు దూరంలో పేర్చండి. తడి తగిలితే ఉబ్బి పొడైపోతాయి, మళ్లీ ఎండబెట్టినా గట్టిపడవు.

ప్రశ్న: మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. ఉద్యోగం బెంగళూరులో. ఊళ్లో చెనక్కాయల మిషన్ల దగ్గర పొట్టు చవగ్గా దొరుకుతుంది కదా, బ్రికెట్ల ఫ్యాక్టరీ పెడితే బెంగళూరుకు అమ్ముకోవచ్చా? ఊరివాళ్లకు కూడా పని దొరుకుతుందని ఆశ.

ఆశ మంచిదే. అయితే యంత్రం ధర కన్నా ముందు పొట్టు లెక్క వేయండి. 100 కిలోల కాయలు కొడితే పొట్టు 28 కిలోలకు అటూ ఇటూ వస్తుంది. గంటకు టన్ను చేసే యంత్రం రోజుకు 8 గంటలు, ఏడాదికి 250 రోజులు నడవాలంటే 2,000 టన్నుల పొట్టు కావాలి. అంటే 7,000 టన్నుల కాయలు. వానమీద ఎకరాకు 3 క్వింటాళ్లు పండితే 23,000 ఎకరాల పంట! మీ మండలంలో ఇప్పుడు చెనక్కాయ ఎన్ని ఎకరాలేస్తున్నారో వ్యవసాయ శాఖ వాళ్లను అడిగి, ఈ అంకె పక్కన రాసుకోండి. పైగా కాయలు కొట్టే పని పంట వచ్చాక కొన్ని నెలలే జోరుగా సాగుతుంది. వాన తప్పిన ఏడు పొట్టే ఉండదు. చెనక్కాయ పొట్టునే నమ్ముకుని పెట్టిన యూనిట్లు మూతపడడానికి చాలాసార్లు కారణం ఇదే.

అందుకే కందికట్టె, పత్తికట్టె, రంపపు పొట్టు, హిందూపురం వైపు దొరికే మల్బరీ పుల్లలు, చెరువుల్లో అల్లుకుపోయిన సర్కారు తుమ్మ, ఇవన్నీ కలిపి ఏడాది పొడవునా నడిచేలా లెక్క వేయండి. వరిపొట్టు మాత్రం కొద్దిగానే కలపాలి. దాన్లో ఐదో వంతు బూడిదే, ఆ బూడిదలో ఎక్కువ భాగం సిలికా. అది యంత్రంలోని డైని (బ్రికెట్టుకు రూపమిచ్చే అచ్చును) సానరాయిలా అరగదీస్తుంది. చెనక్కాయ తీగను ఎట్టి పరిస్థితుల్లోనూ కొనకండి. అది పశువుల మేత. దాన్ని పొయ్యికి మళ్లిస్తే ఊళ్లో పాడి దెబ్బతింటుంది, ఊరికి మేలు చేయాలన్న మీ ఆశకే అది విరుద్ధం.

పనితీరులో కీలకం తేమ. పిస్టన్ ప్రెస్‌లో (పొట్టును దట్టించి బ్రికెట్టుగా నొక్కే యంత్రంలో) జిగురేమీ కలపరు. ఒత్తిడికి, రాపిడి వేడికి పొట్టులో సహజంగా ఉండే లిగ్నిన్ అనే పదార్థం మెత్తబడి అదే పట్టి ఉంచుతుంది. తేమ 8 నుంచి 12 శాతం మధ్య ఉండాలి. అంతకు మించితే లోపల ఆవిరి పట్టి బ్రికెట్టు పగుళ్లిచ్చి తునకలుగా బయటికి చిమ్ముతుంది. మరీ ఎండిపోతే అతుక్కోదు. కట్టెలనైతే ముక్కలుగా కొట్టి, గ్రైండరులో పొడి చేసి, ఆరబెట్టాకే వేయాలి. కళ్లం ఊడ్చిన మట్టి, రాళ్లు, బోల్టులు పొట్టుతోపాటు వస్తాయి. జల్లెడ, అయస్కాంతం లేకుండా నడిపితే ర్యామ్ (పొట్టును నెట్టి నొక్కే కడ్డీ), డై, వేర్ రింగు లాంటి అరిగే భాగాలు త్వరత్వరగా మార్చాల్సి వస్తుంది. అరిగే విడిభాగాలు ఒక జత ఎప్పుడూ చేతిలో ఉండాలి. కరెంటు టన్నుకు 40 నుంచి 70 యూనిట్లు పడుతుంది, అందులో గ్రైండరు వాటా తక్కువేం కాదు.

దూరం మాట కూడా చూడండి. విడి పొట్టు ఘనపు మీటరుకు 100 నుంచి 150 కిలోలే తూగుతుంది. పెద్ద ట్రాలీ నింపినా టన్ను రావడం కష్టం. అంటే మీరు డీజిలు పోసి గాలిని మోయిస్తున్నట్టే. ముడిసరుకు 30, 40 కిలోమీటర్ల లోపలే తెచ్చుకోవాలని మా సలహా. బ్రికెట్టు అయ్యాక ఘనపు మీటరుకు 600 కిలోల పైనే వస్తుంది కాబట్టి బెంగళూరు దాకా లారీ గిట్టుబాటవుతుంది.

అయినా బెంగళూరే ఎందుకు? బొరుగుల బట్టీలు, ఇటుక బట్టీలు, హిందూపురం వైపు పట్టు దారం తీసేవాళ్లు మీకు దగ్గరలోనే ఉన్నారు. వాళ్లలో చాలామందికి బ్రికెట్టే అక్కర్లేదు, ఎండిన ముక్కలు చాలు. ముందుగా ఒక చిప్పర్ (కట్టెను ముక్కలు చేసే యంత్రం), ఒక రేకుల షెడ్డు, ఒక కాటాతో మొదలుపెట్టి రెండు సీజన్లు నడిపి చూడండి. ఎవరు ఏ నెలలో ఎంత కట్టె తెస్తారో, ఎంతకు తెస్తారో అప్పుడు తెలుస్తుంది. ఊరివాళ్లకు కూలి దొరికేది కూడా కట్టె పీకి, ఆరబెట్టి, మోసే పనిలోనే. ప్రెస్ దగ్గర ఇద్దరు ముగ్గురు చాలు. రైతుకు పొలం గట్టు దగ్గరే తూకం వేసి, అదే వారం డబ్బిస్తే కట్టెను చేలో తగలబెట్టడం దానంతటదే ఆగుతుంది.

థర్మల్ కేంద్రాల్లో బొగ్గుతో కలిపి కాల్చడానికి బయోమాస్ పెల్లెట్లు (బ్రికెట్ల లాంటివే, కానీ చాలా చిన్న గుళికలు) వాడాలని కేంద్ర విద్యుత్ శాఖ 2021లో విధానం తెచ్చింది. ఆ మార్కెట్టు మీద కన్నేస్తే టెండర్లో అడిగే తేమ, బూడిద, వేడి అంకెలు చదవకుండా యంత్రానికి అడ్వాన్సు కట్టొద్దు. వాళ్లకు కావలసింది పెల్లెట్లయితే 90 మిల్లీమీటర్ల బ్రికెట్ ప్రెస్ పనికిరాదు.

ప్రశ్న: చిక్కపేటలో మెస్ ఉంది. కోలారు వైపు నుంచి నీలగిరి కట్టె తెప్పిస్తాం. ఒక లోడు బాగా మండుతుంది, ఇంకోటి పొగ చిమ్ముతుంది. మోసమా?

మోసమో కాదో గానీ, మీరు నీళ్లకు డబ్బిస్తున్నారు. 40 శాతం తేమ ఉన్న కట్టె కిలోకు దాదాపు 2,400 కిలోకేలరీలిస్తుంది, 15 శాతం ఉన్నది 3,650. అంటే పచ్చికట్టె కిలో 6 రూపాయలకు కొంటే, ఎండుకట్టె 9 రూపాయలకు కొన్నట్టే. పొగ, ఆలస్యం అదనం.

పరీక్ష ఇలా చేయండి. లోడులో నాలుగైదు దుంగలు ఏరి నడిమి భాగం నరకండి. కొసలు ముందే ఎండుతాయి కనుక వాటిని తీసుకోవద్దు. బొటనవేలంత ముక్కలు కిలో తూచి, 105 డిగ్రీల ఓవెన్‌లో తూకం ఇక తగ్గదనేదాకా ఉంచండి. 700 గ్రాములు మిగిలితే తేమ 30 శాతం. తేమ కొలిచే మేకుల మీటరు కొంటే అప్పుడే చీల్చిన ముఖం మీదే గుచ్చాలి. ఆ మీటరు తేమను ఎండుకట్టె బరువు మీద లెక్కగడుతుంది కాబట్టి, అది 25 చూపితే మన లెక్కలో 20.

బేరం కూడా దీనిమీదే చేయండి: 20 శాతం లోపు తేమకు ఒక రేటు, దాటితే తగ్గింపు. ఎండబెట్టి తెచ్చినవాడికి ఎక్కువ ముట్టాలి. అలా ఇవ్వకపోతే నీడలో పేర్చి నెలల తరబడి ఆరబెట్టే శ్రమ ఎవరు పడతారు? ప్లైవుడ్డు, రంగు వేసిన చెక్క, లామినేటు ముక్కలు ఫర్నిచరు షాపుల నుంచి ఉత్తినే వచ్చినా వద్దు. వాటి జిగురు, రంగుల పొగ మీ వంటవాళ్ల ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ప్రశ్న: దొడ్డబళ్లాపురంలో కోళ్ల ఫారం. కోడిపిల్లలకు వెచ్చదనానికి షెడ్డులో కట్టెల బుఖారీ (వెచ్చదనమిచ్చే పొయ్యి) పెట్టాం. పనివాడు కూడా అక్కడే పడుకుంటాడు. తెల్లారేసరికి కొన్ని చనిపోతున్నాయి, మిగతావి తూగుతున్నాయి.

గాలి ఆడక కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పట్టి ఉండవచ్చు. ఈ రాత్రే సరిచేయండి, ఎందుకంటే అదే షెడ్డులో మీ మనిషి కూడా పడుకుంటున్నాడు. పొగగొట్టం కప్పు దాటి బయటికి వెళ్లాలి, అతుకుల దగ్గర మసి కారుతుంటే మట్టితోనో ఫైర్ సిమెంటుతోనో మూయండి. పరదాల పైన జానెడు సందు వదలండి. గిన్నెల్లో బొగ్గులు పోసి షెడ్డులో పెట్టడం పూర్తిగా మానండి. మొదటి వారం పిల్లల ఎత్తులో 33 నుంచి 35 డిగ్రీలు, తర్వాత వారానికి మూడేసి డిగ్రీలు తగ్గించాలి. పిల్లలు బుఖారీ చుట్టూ గుంపుకడితే వేడి చాలలేదని, దూరంగా జరిగి నోళ్లు తెరిస్తే ఎక్కువైందని అర్థం. నేలమీది వరిపొట్టు అంటుకోకుండా బుఖారీ చుట్టూ రేకు కంచె కట్టండి. గాలి సరిచేశాక కూడా చావులు ఆగకపోతే పశువైద్యుడికి చూపించండి.

ప్రశ్న: యలహంకలో ఇల్లు. రాగి హండా కింద కొబ్బరి చిప్పలు వేస్తాం. ఆ బూడిద మొక్కలకు వేయొచ్చా?

కొద్దిగా వేయొచ్చు. దాన్లో పొటాష్, సున్నం ఉంటాయి, నత్రజని ఉండదు. కుండీకి ఒక చెంచా చాలు, అదీ రెండు మూడు నెలలకోసారి. యూరియాతోగానీ పచ్చి పేడతోగానీ కలిపి వేయకండి, నత్రజని అమ్మోనియాగా ఎగిరిపోతుంది. మీ మట్టి ఇప్పటికే క్షారగుణంతో ఉంటే అసలు వద్దు. బూడిదను ముందు మూత ఉన్న ఇనుప డబ్బాలో రెండు రోజులు ఉంచండి, లోపల నిప్పు అంతసేపూ దాగి ఉంటుంది. ప్లాస్టిక్కు డబ్బాలోగానీ చెత్త సంచిలోగానీ పోయకండి.