మీరు అడిగారు: పేరు లేని ఆ ప్రాసిక్యూటర్ ఎవరు?

ప్రశ్న: సార్ నమస్తే, మా నాన్నగారు విజయవాడ కేంద్రం నాటకాలు ఒక్కటీ వదిలేవారు కాదు, ఆ పిచ్చి నాకూ అంటుకుంది. ఈమధ్య అమెరికాలో ఉన్న మా అబ్బాయి అక్కడి పాత రేడియో నాటకాలు పంపిస్తే వింటున్నా, అందులో ‘మిస్టర్ డిస్ట్రిక్ట్ అటార్నీ’ తెగ నచ్చింది. ముఠాల్ని కోర్టుకీడ్చే ఆ లాయరు నిజంగా ఉన్నాడా? ఎన్ని ఎపిసోడ్లు విన్నా అతని పేరు చెప్పరేంటి?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: భలే దాన్ని పట్టుకున్నారండీ! ఆ పాత్ర కల్పితమే కానీ దాని వెనకాల నిజం మనిషి ఉన్నాడు, థామస్ డ్యూయీ. డిస్ట్రిక్ట్ అటార్నీ అంటే మన పబ్లిక్ ప్రాసిక్యూటర్ లాంటివాడే, కాకపోతే అక్కడ ఓట్లేసి గెలిపిస్తారు. 1935లో న్యూయార్క్‌లో ముఠాల దందా మీద డ్యూయీని స్పెషల్ ప్రాసిక్యూటర్‌గా వేశారు. అప్పట్లో హోటలు నడుపుకునేవాడు కూడా ముఠా పెట్టిన సంఘంలో చేరి నెలనెలా డబ్బు కట్టాల్సిందే, కట్టను అన్నాడా, సరిగ్గా జనం భోంచేసే టైముకి లోపల కంపు బాంబు వేసేవాళ్ళు, ఇంక ఎవడు తింటాడు చెప్పండి. అందరికీ తెలుసు, సాక్ష్యం చెప్పడానికి మాత్రం ఎవరికీ ధైర్యం చాలదు. అందుకే డ్యూయీ ఆ ఏడాదే రేడియోలో మాట్లాడి, మీకు తెలిసింది వచ్చి చెప్పండి అని జనాన్ని అడిగాడు. నాకైతే ఆ నాటకం పుట్టింది అక్కడే అనిపిస్తుంది, ఎందుకంటే భయపడి తలుపేసుకుని కూర్చున్న మనిషి ఇంట్లోకి కూడా రేడియో వెళ్తుంది కదా. 1936లో డ్యూయీ నడిపిన కేసులో లక్కీ లూసియానో అనే పెద్ద ముఠా నాయకుడికి 30 నుంచి 50 ఏళ్ళ శిక్ష పడింది, ఆ కేసులో సాక్ష్యం చెప్పినవాళ్ళలో చాలామంది వాడి ముఠా గుప్పిట్లో ఉన్న వ్యభిచార గృహాల ఆడవాళ్ళే, అంత పెద్ద డాన్ ఎదురుగా నిలబడి చెప్పారండీ, వాళ్ళ ధైర్యానికి దణ్ణం పెట్టాలి.

నాటకం 1939 ఏప్రిల్‌లో ఎన్‌బీసీ అనే అమెరికా రేడియో సంస్థలో మొదలైంది, ముందు రోజూ పావుగంట, కొన్నాళ్ళకే వారానికో అరగంట. మీరు విన్న గొంతు జే జాస్టిన్‌ది అయ్యుంటుంది, 1940 నుంచి పన్నెండేళ్ళు ఆయనే.

ఇక పేరు సంగతి. సెక్రటరీ మిస్ మిల్లర్, మాజీ పోలీసు హారింగ్టన్ ఇద్దరూ అతన్ని బాస్ అనో చీఫ్ అనో పిలుస్తారు, అంతే. పేరు లేకపోతే ఏ ఊరివాళ్ళైనా మా ఊరి ప్రాసిక్యూటరే అనుకుని వినొచ్చు, నాకు తోచింది ఇది. తర్వాత 1952లో వేరే నటుడితో చేసిన ఎపిసోడ్లలో పాల్ గారెట్ అని పేరు పెట్టారు గానీ, నాకు ఆ పాతవే ఇష్టం. ఈసారి వినేటప్పుడు మొదట్లో అతను చేసే ప్రమాణం జాగ్రత్తగా వినండి, నేరస్తుల మీద కేసు నడపడం ఒక్కటే కాదు, పౌరులందరి హక్కుల్నీ అంతే పట్టుదలగా కాపాడటం కూడా నా డ్యూటీ అంటాడు. నాకు ఆ రెండో ముక్క దగ్గరే ఒళ్ళు జలదరిస్తుంది.