మెట్ట సేద్యం చదువుతానంటున్న అమ్మాయి: బెంగళూరు తండ్రికి జవాబు

ప్రశ్న: మాది కదిరి దగ్గర పల్లె. ఇరవై రెండేళ్ల కిందట ఊరు విడిచి వచ్చి బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో స్థిరపడ్డాను. మా అమ్మాయి సెకండ్ పీయూసీలో (ఇంటర్ రెండో ఏడాది) పీసీఎంబీ, అంటే ఫిజిక్స్, కెమిస్ట్రీ, లెక్కలు, బయాలజీ చదువుతోంది. బీఎస్సీ అగ్రికల్చర్ చేసి మెట్ట సేద్యం మీద పరిశోధన చేస్తానంటోంది. నిరుడు వేసవిలో తాతగారి మేడ మీద ఖాళీ పెయింటు డబ్బా పెట్టి వాన కొలిచింది. ఇక్కడికి వచ్చాక కూడా తాతగారితో ఫోనులో చెప్పించుకుని రాసుకుంటోంది, అంత పిచ్చి! ఆ నోటుబుక్కులో ఒక పేజీ ఫొటో పంపుతున్నాను. మా నాన్నగారు వేరుశనగతో ఎంత నష్టపోయారో కళ్లారా చూసినవాణ్ణి. అంతగా పట్టుబడితే ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయంలో కొత్తగా పెట్టిన స్మార్ట్ అగ్రికల్చర్ బీటెక్‌లో చేర్చాలని ఉంది. బీఎస్సీ అగ్రికల్చర్, అగ్రికల్చరల్ ఇంజినీరింగ్, ఈ కొత్త కోర్సు, ఈ మూడింటినీ పోల్చి చెప్పగలరా?

జవాబు: మీరు పోల్చమన్నది మూడు కోర్సులను. కానీ ఉత్తరం రెండుసార్లు చదివాక నాకు అర్థమైన ప్రశ్న వేరు: ఏ మట్టి నుంచి నేను తప్పించుకుని వచ్చానో, నా బిడ్డ మళ్లీ అందులోకే పోతుందా? మహదేవపుర, మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ ప్రాంతాల్లో స్థిరపడిన రాయలసీమ కుటుంబాల నుంచి ఈ ప్రశ్న నాకు ఏటా ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంటుంది. కనుక ముందు దానికే జవాబు చెబుతాను.

వర్షాధార వ్యవసాయాన్ని చదవడం వేరు, అప్పు తెచ్చి విత్తి ఆకాశం వైపు చూడటం వేరు. వ్యవసాయ శాఖలో అధికారిగానో, బ్యాంకులో వ్యవసాయ క్షేత్ర అధికారిగానో, నాబార్డులోనో, కృషి విజ్ఞాన కేంద్రంలోనో, విత్తన సంస్థలోనో పని చేసే వారికి ఆరుద్ర కార్తెలో వాన పడినా పడకపోయినా జీతం అందుతుంది. మొదటి ఐదారేళ్లు ఆ జీతం మీ ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రవాడి జీతం కంటే తక్కువే ఉండవచ్చు. ఆ మాట దాచి మిమ్మల్ని ఒప్పించడం నాకు ఇష్టం లేదు. అయితే తక్కువ జీతానికీ, మీ నాన్నగారు మోసిన అప్పుకూ పోలిక లేదు. మీరు రెండింటినీ ఒకే గాటన కట్టి భయపడుతున్నారు.

ఇక ఆ నోటుబుక్కు పేజీ సంగతి. మీరు దాన్ని నవ్వుకోవడానికి పంపారు, నేను మాత్రం చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. ఆగస్టు 17న 22 మిల్లీమీటర్లు అని ఉంది. ఆ కింద ఇరవై మూడు సున్నాలు, రోజుకొకటి, ప్రతి సున్నా పక్కనా తేదీ. తర్వాత సెప్టెంబరు 10న 31. వాన పడని రోజును కూడా రాయాలని ఆ వయసులో ఎవరికి తోస్తుంది? అనంతపురం ప్రాంతపు సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. అక్కడి రైతును ముంచేది ఆ మొత్తం ఒక్కటే కాదు, మధ్యలో వచ్చే ఈ సున్నాలు. పదును (తేమ) పట్టి ఉంచలేని ఎర్ర నేలలో, జూలైలో విత్తిన వేరుశనగ ఊడలు దిగి కాయ ఊరే సమయానికి మూడు వారాలు వాన మొహం చాటేస్తే, ఆ తర్వాత ఎంత కురిసినా పోయిన కాయ తిరిగి రాదు. లెక్కల్లో మాత్రం ఆ ఏడాది వర్షపాతం సాధారణమనే ఉంటుంది. మీ నాన్నగారు నష్టపోయింది ఎక్కడో మీ అమ్మాయి నోటుబుక్కులో ఆ సున్నాల వరుస చూపిస్తోంది. దానికి మీరు పెట్టిన పేరు పిచ్చి.

ఆ సున్నాలను దాటించడమే మెట్ట సేద్య పరిశోధన. పొలంలో కుంట తవ్వి కీలక దశలో ఒక్క తడి ఇవ్వగలగడం, సాళ్ల మధ్య నీరు ఇంకేలా చాళ్లు తీయడం, వేరుశనగలోనో రాగిలోనో కంది సాళ్లు వేసి ఒక పంట పోయినా రెండోది నిలిచేలా చూడటం, బెట్టను తట్టుకునే రకాలను ఎంచడం వంటివన్నీ అందులోకే వస్తాయి. అనంతపురం రైతులు దశాబ్దాల పాటు వేసిన టీఎంవీ-2 రకం 1940లో తమిళనాడులోని తిండివనంలో విడుదలైనది. దాని స్థానాన్ని చాలావరకు ఆక్రమించిన కదిరి-6, ఆ తర్వాత వచ్చిన కదిరి లేపాక్షి, మీ ఊరి పక్కనే ఉన్న కదిరి పరిశోధన కేంద్రం నుంచి వచ్చినవి. మీ ఇంటి గాదెలోకి చేరిన ఆ విత్తనం వెనుక ఎవరో ఒకరు చదివిన బీఎస్సీ అగ్రికల్చర్ ఉంది.

కొత్త కోర్సు గురించి నాకున్న సందేహాలను కొంచెం విడమరిచి చెప్పాలి, ఎందుకంటే ఒకప్పుడు నేనే ఇలాంటి కోర్సును ఒక అబ్బాయికి సిఫారసు చేశాను. బ్రోచర్ నిండా డ్రోన్లు, సెన్సర్లు, ఉపగ్రహ చిత్రాలు ఉన్నాయి. చూసి నేనూ మురిసిపోయాను. అబ్బాయి ఇప్పుడు బాగానే సంపాదిస్తున్నాడు, నీటి వసతి ఉన్న మిరప పొలాల్లో డ్రోనుతో పురుగుమందు కొట్టే కాంట్రాక్టులు చూసుకుంటున్నాడు. తప్పేమీ లేదు. కానీ అతను నా దగ్గరికి వచ్చింది కరవు గురించి మాట్లాడుతూ. నాలుగేళ్లలో నేలను చేత్తో పట్టుకుని పదును చూడటం ఎవరూ నేర్పలేదని, పొలానికి తీసుకువెళ్లింది రెండుసార్లేనని తర్వాత చెప్పాడు.

ఇందులో ఆశ్చర్యపోవలసింది లేదు. టెక్నాలజీ డబ్బు ఉన్న చోటికి పోతుంది. ద్రాక్ష, దానిమ్మ, మిరప వేసే రైతు సెన్సరు కొనగలడు, అయిదెకరాల మెట్టలో వేరుశనగ వేసే రైతు కొనలేడు. కనుక వాతావరణ మార్పు పేరుతో మొదలైన కోర్సు చివరికి బోరుబావి ఉన్న పొలం దగ్గర ఆగిపోవడం నేను చూస్తూనే ఉన్నాను. నేలలో కర్బనం పెంచితే రైతుకు డబ్బు వస్తుందనే కార్బన్ క్రెడిట్ల మాట కూడా అంతే. మన ఉష్ణ మెట్ట ప్రాంతాల నేలల్లో కర్బనం పెరగడం ఏళ్ల తరబడి పట్టే పని. బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయ ప్రాంగణమైన జీకేవీకేలో వర్షాధార రాగి మీద 1978లో మొదలైన దీర్ఘకాలిక ఎరువుల ప్రయోగం ఉంది. పశువుల ఎరువునూ సిఫారసు చేసిన రసాయన ఎరువులనూ కలిపి వేసిన మళ్లు దిగుబడిని నిలబెట్టుకున్నాయని తేల్చడానికి అక్కడివారు పాతికేళ్లకు పైగా కొలతలు తీసుకున్నారు. ఆ ఓపిక ఒక సెమిస్టరు ప్రాజెక్టులో రాదు. ఉపగ్రహ చిత్రాలు చదవడం, డేటా విశ్లేషించడం మీ అమ్మాయి ఎమ్మెస్సీలో నేర్చుకోవచ్చు, కావాలంటే ఇంట్లో మీరే నేర్పవచ్చు. నేలను చదవడం మాత్రం మీరు నేర్పలేరు.

ఇంతకీ మీరు అడిగిన పోలిక. అగ్రికల్చరల్ ఇంజినీరింగ్ చిన్నచూపు చూడదగినది కాదు. కుంటలు, కట్టలు, విత్తే యంత్రాలు, బిందు సేద్యం దాని సొత్తు, మడకశిరలోనూ బాపట్లలోనూ ప్రభుత్వ కళాశాలలు ఉన్నాయి. లెక్కలంటే ఇష్టమైతే రెండో ఎంపికగా పెట్టుకోండి. మొదటి ఎంపిక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో బీఎస్సీ అగ్రికల్చర్. తర్వాత సస్యశాస్త్రమో, నేల శాస్త్రమో, ఆమె నోటుబుక్కును బట్టి చూస్తే వ్యవసాయ వాతావరణ శాస్త్రమో చేయవచ్చు. హైదరాబాదులోని కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ (క్రీడా), పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఈ పనికే ఉన్నాయి. 2011లో మొదలైన నిక్రా అనే జాతీయ పథకం కింద వాతావరణాన్ని తట్టుకునే పద్ధతులను కృషి విజ్ఞాన కేంద్రాలు ఊళ్లలో వేసి చూపిస్తున్నాయి. దేశంలో సాగయ్యే నేలలో సుమారు సగం ఇప్పటికీ వాన మీదే ఆధారపడి ఉన్నందున ఈ పని తీరిపోయేది కాదు.

కాస్త కటువుగా ఒక మాట. మీ ఉత్తరంలో మీ నాన్నగారి నష్టం ఉంది, మీ ఉద్యోగం ఉంది, ప్రైవేటు కోర్సు ఉంది. ఎందుకు ఇది చదవాలనుకుంటోందో అమ్మాయిని అడిగినట్టు ఒక్క వాక్యం లేదు. ఊరు విడిచి రావడం మీకు అవసరమైంది, అందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. కానీ ఊరి మాట ఎత్తితే ఓటమి మాట ఎత్తినట్టు మీ ఇంట్లో వాడుక అయిపోయింది. తాతగారు మనవరాలికి రోజూ ఫోనులో వాన లెక్క చెబుతున్నారంటే, ఆయన ఆ పొలాన్ని మీరు చూసినట్టు చూడటం లేదని అర్థం. ఈ చదువు చదివితే పెళ్లి సంబంధాలు రావన్న మాట మీరు రాయలేదు గాని, ఇలాంటి తల్లిదండ్రులు ఫోను పెట్టేసే ముందు ఆ మాట తప్పక అంటారు, కాబట్టి చెబుతున్నాను: పదిహేడేళ్ల పిల్ల డిగ్రీని ఆ తూకంతో తూచకండి.

పండక్కి కదిరి వెళ్లే ప్రతిసారీ మీ కారు బళ్లారి రోడ్డులో హెబ్బాళ దాటాక జీకేవీకే మీదుగానే పోతుంది. ఈసారి ఆగి, మెట్ట సేద్య విభాగానికి ముందుగా ఫోను చేసి అనుమతి తీసుకుని, అమ్మాయినీ నోటుబుక్కునూ లోపలికి తీసుకువెళ్లండి. దరఖాస్తుల విషయంలో రెండు జాగ్రత్తలు చాలు. చదువంతా బెంగళూరులో సాగింది కనుక ఆంధ్రప్రదేశ్‌లో ఆమె స్థానిక అభ్యర్థిగా లెక్కకు రాకపోవచ్చు, కర్ణాటక సీట్లనే ప్రధానంగా చూసుకోండి. భూమి తాతగారి పేరున, అదీ వేరే రాష్ట్రంలో ఉంది గనుక ఇక్కడి వ్యవసాయదారుల కోటా దొరుకుతుందన్న ధీమాతో కూర్చోకుండా, ఈ ఏటి నిబంధనలు తెప్పించి అమ్మాయితో కలిసి చదవండి.