ట్యాంకు పొంగితే మీటరు తిరుగుతుంది

పాఠకుల ప్రశ్నలు – ఒక పాత లైన్‌మన్ జవాబులు

ముప్పై రెండేళ్లు స్తంభాలెక్కి దిగిన మనిషిని. రిటైరయ్యాక విజయనగరంలో స్థిరపడ్డాను. కరెంటు ఆదా మీద వచ్చే ఉత్తరాలకు ఈ శీర్షికలో నాకు తెలిసినంతలో జవాబిస్తున్నాను. ఈసారి వచ్చినవాటిలో సగం నీళ్ల గురించే. నీళ్ల సంగతి లైన్‌మన్‌ని అడగడమేమిటని ఎడిటరు గారు నవ్వారు. డాబా ఇళ్లొచ్చాక నీళ్లంటే మోటారు, మోటారంటే కరెంటు. అడగడం సబబే.

ప్రశ్న: మా ఇంట్లో బల్బులన్నీ ఎల్ఈడీలే. ఏసీ లేదు, కొత్త సామాను ఏదీ కొనలేదు. అయినా మూడు నెలలుగా కరెంటు బిల్లు పెరుగుతోంది. రోజుకోసారి వేసే మోటారు ఈమధ్య రెండుసార్లు వెయ్యాల్సి వస్తోంది, ఎండల వల్ల కాబోలు. మీటరు పాడైందని మావారు అంటారు. నేను ఫ్యాన్లు ఆపననేది మా అత్తగారి మాట. ఎవరిది నిజం?
– ఒక గృహిణి, తోటపాలెం, విజయనగరం

జవాబు: ఇద్దరిదీ కాదమ్మా. మోటారు రెండుసార్లు వేస్తున్నామని మీరే రాశారు, జవాబు అక్కడే ఉంది. రెండో ట్యాంకు నీళ్లు ఎటు పోతున్నాయో చూడండి. ముందు బాత్రూములో ఫ్లష్ ట్యాంకు మూత తీసి, తెల్లబట్టలకు పెట్టే నీలిమందు రెండు చుక్కలు వెయ్యండి. ఫ్లష్ నొక్కకుండా పావుగంట ఆగండి. బేసిన్‌లో నీలం కనిపిస్తే లోపలి వాషరు పోయినట్టే. చప్పుడు లేకుండా పగలూ రాత్రీ కారుతుంది కాబట్టి ఎవరికీ తెలియదు.

ఇంత ధీమాగా ఎందుకు చెబుతున్నానంటే, మా ఇంట్లోనూ ఇదే జరిగింది. నేనూ మీటరునే అనుమానించాను. మా ఆవిడ వాషింగ్ మెషీన్ని అనుమానించింది. నేను ఆవిడ్ని అనుమానించాను. చివరికి తేలింది ఒక రబ్బరు వాషరు. జనం ఇళ్లకు వెళ్లి ‘ఎర్త్ చూసుకోండి, వైరింగు చూసుకోండి’ అని ఉపన్యాసాలిచ్చిన మనిషికి సొంత బాత్రూము చూసుకోవాలని తోచలేదు. ఒక హెచ్‌పీ మోటారు గంట తిరిగితే దగ్గరదగ్గర యూనిట్ ఖర్చవుతుంది. పైగా మన బిల్లుల్లో యూనిట్లు పెరిగేకొద్దీ పై యూనిట్ల రేటు పెరుగుతుంది. అంటే మీరు తగ్గించే యూనిట్, బిల్లులో అన్నిటికంటే ఖరీదైన యూనిట్.

మీ అత్తగారి కేసు కూడా తేల్చేద్దాం. మీటరు మీద ఎర్రగా మినుకుమనే చిన్న లైటుంది చూశారా? దాని దగ్గరే ఒక అంకె రాసి ఉంటుంది. చాలా మీటర్లలో అది 3200. అంటే ఆ లైటు 3200 సార్లు వెలిగి ఆరితే ఒక యూనిట్ అయినట్టు. ఇంట్లో అన్నీ ఆపేసి ఒక్క ఫ్యాను ఫుల్ స్పీడులో పెట్టి, గడియారం చూస్తూ లెక్కపెట్టండి. నిమిషానికి నాలుగుసార్లు మినుకుమంటే ఫ్యాను 75 వాట్లు లాగుతోందని అర్థం. పాత ఫ్యాన్లన్నీ అంతే. ఇప్పుడొస్తున్న, తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాను పెట్టి చూస్తే రెండు నిమిషాలకు మూడుసార్లే మినుకుతుంది. అన్నీ ఆపేశాక కూడా లైటు మినుకుమంటూనే ఉందంటే ఎక్కడో కరెంటు లీకుంది, ఎలక్ట్రీషియన్ని పిలవండి. ఈ పరీక్ష అత్తగారి చేత చేయించండి. గొడవలు తగ్గుతాయో లేదో గాని, ఫ్రిజ్ తలుపు ఎవరు ఎంతసేపు తీసి ఉంచుతున్నారో ఆవిడే కనిపెడతారు.

ప్రశ్న: ఫోను తీసేసినా చార్జరు ప్లగ్గులో ఉంటే కరెంటు కాలుతుందని మా సారు చెప్పారు. నిజమేనా?
– పదో తరగతి విద్యార్థి, టెక్కలి

జవాబు: నిజమే బాబూ, కానీ కాలేది చిటికెడు. చార్జరు గురించి గొడవపడే ఇళ్లలో టీవీ పక్కన సెట్‌టాప్ బాక్సు ఇరవై నాలుగ్గంటలూ వెచ్చగా కూర్చుని ఉంటుంది. రిమోట్‌తో ఆపితే దానికి నిద్ర పట్టదు. పది వాట్ల బాక్సు, టీవీ చూడని పద్దెనిమిది గంటలూ అలాగే ఉంటే నెలకు ఐదు యూనిట్లు దాటుతుంది. గోడ స్విచ్ ఆపెయ్యి. చార్జరు కూడా తీసెయ్యి, సారు మాట పోనివ్వకు.

ప్రశ్న: ఏసీ 18లో పెడితే గది తొందరగా చల్లబడుతుంది కదా?
– ఒక వ్యాపారి, రాజాం

జవాబు: తొందరగా చల్లబడదు. అదే వేగంతో చల్లబడుతుంది, ఆగాల్సిన చోట ఆగదు, అంతే తేడా. 2020 నుంచి స్టార్ గుర్తు ఏసీలు ఆన్ చెయ్యగానే 24 దగ్గర మొదలయ్యేలా కేంద్రం నిబంధన పెట్టింది. ఒక్క డిగ్రీ పెంచితే సుమారు ఆరు శాతం కరెంటు మిగులుతుందన్నది వాళ్ల లెక్క. 26లో పెట్టి ఫ్యాను నెమ్మదిగా వెయ్యండి. దుప్పటి కప్పుకుని ఏసీ వేసుకునే వాళ్లకు నా దగ్గర జవాబు లేదు.

ప్రశ్న: మా ఇంటి వెనక తాతల నాటి నుయ్యి ఉంది. బోరు వేయించాక ఎవరూ తోడడం లేదు. పూడ్చేసి ఆ జాగాలో బండి షెడ్డు వేద్దామని మా అబ్బాయిలు అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. మీరేమంటారు?
– ఒక రైతు, సోంపేట

జవాబు: పూడ్చకండి. నేనీ మాట అనడానికి ఒక కారణం ఉంది.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మీ పలాస దగ్గరే తీరం దాటింది కదా. స్తంభాలు వేలల్లో పడిపోతే చుట్టుపక్కల జిల్లాల లైన్ సిబ్బందిని అక్కడికి పంపారు. వాళ్లలో నేనూ ఉన్నాను. ఉద్దానంలో కొబ్బరిచెట్లు వరసగా పడుకుని ఉన్నాయి. వాటి కింద మా వైర్లు. రోడ్డు కొట్టుకుంటూ వెళ్లాలి, వెళ్లాక స్తంభం నిలబెట్టాలి. ఒక ఊళ్లో దిగితే ముందు అడిగింది దీపాల గురించి కాదు. ‘బాబూ, మోటారు ఎప్పుడాడతాదేటి?’ అని. ఇంటింటికీ బోరుంది, నేల కింద నీళ్లున్నాయి, పైకి తెచ్చే దారి లేదు. ఊళ్లో గిలక మిగిలిన నుయ్యి ఒక్కటే. ఆ నూతి దగ్గర తెల్లారకముందు నుంచే బిందెలు బారులు తీరేవి. ఆ ఇంటి ముసలమ్మ వారం రోజుల పాటు ఊరికి పెద్ద అయిపోయింది. మాకు గంజి కూడా ఆవిడే పోసింది. ‘ఈ నుయ్యి కప్పెట్టీమని మావోడు పోరాడినాడు, నానే ఒప్పుకోలేదు’ అని రోజూ చెప్పేది, విన్నవాళ్లకే మళ్లీ మళ్లీ.

కాబట్టి గిలక బాగుచేయించండి, నూతికి ఇనప జాలీ మూత వేయించండి. వీలైతే డాబా మీద పడే వాన నీళ్లు అందులోకి మళ్లించండి. లెక్క తేలిక: ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. వంద చదరపు మీటర్ల డాబా మీద ఏభై మిల్లీమీటర్ల వాన కురిస్తే ఐదు వేల లీటర్లు. మన జిల్లాల్లో ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్ల పైనే కురుస్తుంది. అంటే లక్ష లీటర్లు మీ డాబా మీంచి జారి కాలువలో కలుస్తున్నాయి. తొలకరి వానను మాత్రం బయటికి వదిలెయ్యండి, డాబా మీది దుమ్మంతా దాంతో పోతుంది. తర్వాతి నీళ్లు కంకర, బొగ్గు, ఇసుక వేసిన తొట్టి గుండా నూతిలోకి దిగాలి. సెప్టిక్ ట్యాంకు దగ్గరగా ఉంటే ఈ పని పెట్టుకోకండి.

తాగడానికి మాత్రం ఆ నీళ్లు పరీక్ష చేయించకుండా వాడకండి. మీ ప్రాంతంలో కిడ్నీ జబ్బుల గోడు నేను చెప్పక్కర్లేదు. హిరమండలం నుంచి పైపుల్లో వచ్చే వంశధార నీళ్లు మీ ఇంటికి అందుతుంటే తాగడానికి అవే. నూతి నీళ్లు స్నానానికి, గోలెంలో పశువులకు, మొక్కలకు. ఇంట్లో ఆర్వో మిషను ఉంటే అది వదిలేసే నీళ్లు కూడా పారబొయ్యకండి. లీటరు మంచినీళ్లకు రెండు మూడు లీటర్లు పక్కకు నెడుతుంది అది. ఇల్లు తుడవడానికి, బాత్రూముకు పనికొస్తాయి. మొక్కలకు రోజూ పోస్తే ఉప్పు పట్టేస్తుంది.

షెడ్డు ఇంటి ముందు వేసుకోమనండి.

ప్రశ్న: మా వీధి కొళాయికి తల లేదు. నీళ్లు వదిలినంతసేపూ కాలువలోకే. ఊరంతా ఇలా ఉంటే నేనొక్కడిని బకెట్టుతో లెక్కగా స్నానం చేసి ఏం లాభం?
– ఒక ఉద్యోగి, నరసన్నపేట

జవాబు: మీరన్నదాంట్లో నిజం ఉంది. నాకూ ఒళ్లు మండుతుంది. మా వీధిలోనూ అంతే. కంప్లయింటు రాసిచ్చాను, సంతకం పెట్టించుకున్నాను, ఏమీ జరగలేదు. ఆ కాగితం ఇప్పటికీ నా బీరువాలో ఉంది. విసుగొచ్చి నేనే ఇత్తడి కొళాయి కొని బిగించాను. నాలుగో రోజుకి ఎవరో విప్పుకుపోయారు. మళ్లీ కొన్నాను. అదీ పోయింది. షాపువాడు ‘మాస్టారూ, ఇత్తడి పెడితే పాత సామాన్లవాడికి మీరే వ్యాపారం ఇస్తున్నట్టు’ అని ప్లాస్టిక్‌ది ఇచ్చాడు. అరవై రూపాయలు. అది పోలేదు గాని, పిల్లలు క్రికెట్ బ్యాటుతో విరగ్గొట్టారు.

నాలుగోది బిగించేటప్పుడు ఆ పిల్లల చేతే బిగింపించాను. దారం చుట్టడం, స్పానరు పట్టుకోవడం నేర్పాను. ఇప్పుడు వాళ్లలో ఒకడు పొద్దున్నే వచ్చి, ‘తాతగారూ, రాత్రి ఎవరో సరిగ్గా కట్టలేదు’ అని రిపోర్టు ఇస్తున్నాడు. కొళాయి పెట్టి ఐదు నెలలైంది. ఒకటి స్పేరుగా కొని ఇంట్లో పెట్టుకున్నాను.