హిందూపురంలో ఇల్లు, బెంగళూరులో ఉద్యోగం: పోవచ్చా అక్కా?

ప్రశ్న: నమస్తే అక్కా. మాది అనంతపురం పక్కన పల్లె. పన్నెండేళ్ల నుంచి బెంగళూరులో ఉద్యోగం, యలహంకలో 24 వేలు బాడుగ కడుతున్నా, ఏడాదికోసారి ఓనర్ రెండు వేలు పెంచుతాడు. ఇప్పుడు ఆఫీసుకు వారానికి మూడు రోజులు వస్తే చాలంటున్నారు, అందుకే హిందూపురం ఊరి బయట మూడు సెంట్లలో కట్టిన డబుల్ బెడ్రూం ఇల్లు చూసినా, 45 లక్షలు చెప్తున్నారు, చేతిలో 10 ఉంది, మిగతా 35 లోను పెట్టాల. ఇదే ఇల్లు బెంగళూరులో అయితే కోటి దాటుతుంది. ట్రైన్ ఉంది, హైవే ఉంది, బాడుగ బదులు ఈఎంఐ కట్టుకుంటే ఇల్లు మనదవుతుంది కదా అని నా లెక్క. ఫ్రెండ్స్ మాత్రం ఆ ఎడారిలోకి పోయి ఏం చేస్తావురా అని నవ్వుతున్నారు. పాప ఆరో తరగతి, బాబు యూకేజీ. ఏం చేయమంటావు అక్కా?
– ఒక పాఠకుడు, యలహంక

జవాబు: తమ్ముడూ, ముందు ఆ ఎడారి మాట తేల్చేద్దాం. జైసల్మేర్ తర్వాత దేశంలో తక్కువ వాన పడేది అనంతపురంలోనే అని మనం చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాం, కానీ అది నిజం కాదు, రాజస్థాన్‌లో ఇంకా తక్కువ పడే జిల్లాలు ఉన్నాయి. మనకు పడేది ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు, అది కూడా పడితే. నైరుతి మబ్బును పడమటి కనుమలు అటే ఆపేస్తాయి, ఈశాన్యం వచ్చేసరికి తూర్పు తీరం వాళ్లు పంచుకోంగా మిగిలింది మనకు. అయినా జైసల్మేర్‌లో దాంట్లో సగం కూడా పడదు, కాబట్టి మనది కరువు సీమే గానీ ఎడారి కాదు. ఇసుక దిబ్బలే చూడాలంటే రాయదుర్గం అవతల కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు పోవాల, వేదవతి ఏటి ఇసుక గాలికి లేచి చేన్ల మీద మేటలు వేసేది అక్కడ. హిందూపురం అట్ల కాదు, 620 మీటర్ల ఎత్తులో ఉంది, మా అనంతపురం టౌను దాంట్లో సగానికి కొంచెం పైన. అందుకే మే నెలలో మేం ఇక్కడ ఉడికిపోతుంటే అక్కడోళ్లు రాత్రి కిటికీ తీసుకోని పడుకుంటారు. పట్టుగూళ్ల మార్కెట్, చింతపండు మార్కెట్ ఉన్న ఊరు, అంగట్లో తెలుగూ కన్నడమూ ఒకే వాక్యంలో వినపడతాయి, కాబట్టి మీ పిల్లలకు భాష ఇబ్బంది ఉండదు.

ఇప్పుడు నీ లెక్క చూద్దాం. 35 లక్షలు, 20 ఏళ్లు, ఎనిమిదిన్నర శాతం వడ్డీ అనుకో, నెలకు కంతు 30 వేలు దాటుతుంది. నువ్వు కట్టే బాడుగ 24. దాని మీద ట్రైను పాసు, స్టేషన్ కాడ బండి స్టాండు, యలహంకలో దిగినాక ఆటో, లేటయ్యి బండి తప్పిపోయిన రోజు ఫ్రెండ్ రూములోనో పీజీలోనో పడక. బాడుగ బదులు కంతు అన్నావు గానీ ఇది బాడుగ కంటే ఎక్కువ కంతు, పైగా నీ చేతిలో ఉన్న 10 లక్షలు కూడా పోతాయి. చివరికి ఇల్లు మిగుల్తుంది, కాదనను. చౌక అని మాత్రం అనుకోవద్దు.

ట్రైను సంగతి వివరంగా చెప్తా, ఎందుకంటే మా ఆయన తొమ్మిదేళ్లు హిందూపురం నుంచి యలహంకకు పోయొచ్చినాడు. చీకట్లో లేచేవాడు, ఆయన స్నానం అయ్యేలోపు నేను క్యారియర్ కట్టేదాన్ని, స్కూటర్ స్టేషన్‌లో పడేసి ఎక్కేది. బోగీలో కర్చీఫ్ వేసి సీటు పట్టేది ఒక బ్యాచ్, మోకాళ్ల మీద పేపర్ పరిచి పేకాడేది ఒక బ్యాచ్, మా ఆయనది నిద్ర బ్యాచ్. గౌరిబిదనూరులో జనం నిండుతారు, మాకళిదుర్గ కొండ కాడ బండి మెల్లగా లాగుతుంది, దొడ్డబళ్లాపుర వచ్చేసరికి కాలు మార్చుకునే చోటు ఉండదు, కానీ ఆ బ్యాచోళ్లు చూడు, ఎవరింట్లో పెళ్లయినా ఎవరికి బాగలేకపోయినా అందరూ దిగేవాళ్లు, ఆ స్నేహాలు ఇప్పటికీ ఉన్నాయి. సీజన్ టికెట్ 150 కిలోమీటర్ల లోపు దూరానికి ఇస్తారు, నీది అందులోకే వస్తుంది, ఖర్చు తక్కువే, కాకపోతే దాంతో రిజర్వేషన్ బోగీ ఎక్కకూడదు.

ఇంటి గుమ్మం నుంచి ఆఫీసు కుర్చీ దాకా ఆయనకు మూడు గంటలు పట్టేది, పోనూ రానూ ఆరు, నెలకు 22 రోజులంటే 132 గంటలు. రాత్రీ పగలూ కలిపి ఐదున్నర రోజులు ప్రతి నెలా రైల్లోనే. మా చిన్నోడికి నాలుగేళ్లప్పుడు స్కూల్లో మీ నాయన ఏం చేస్తాడు అని అడిగితే "ట్రైన్‌లో ఉంటాడు" అన్నాడంట. టీచరమ్మ ఆయన్ను టీసీ అనుకుంది! నీకు మూడు రోజులే కాబట్టి నెలకు 78 గంటలు, అది భరించొచ్చు. అయితే ఆ మూడు రోజులని నీకు కాగితం మీద ఎవరైనా రాసిచ్చినారా? రేపు మేనేజర్ మారితే ఐదు రోజులంటాడు, లోను మాత్రం 20 ఏళ్లకు రాసుకుంటున్నావు.

హైవే అన్నావు, హిందూపురం ఎన్‌హెచ్ 44 మీద లేదు నాయనా. లేపాక్షి మీదుగా కొడికొండ చెక్‌పోస్టు దాకా పోయి అప్పుడు ఎక్కాల, అక్కడి నుంచి బాగేపల్లి, చిక్కబళ్లాపుర, దేవనహళ్లి, మధ్యలో టోల్ గేట్లు. ఎయిర్‌పోర్టు దాకా సాఫీగా వచ్చేస్తావు, హెబ్బాళ కాడ ఆగిపోతావు. ఆఫీసు దేవనహళ్లి, యలహంక వైపు ఉన్నోళ్లకే ఈ ఆలోచన పనికొస్తుంది, ఎలక్ట్రానిక్ సిటీలో పనిచేసే వాళ్లెవరైనా చదువుతుంటే ఇక్కడితో మర్చిపోండి.

నీళ్లు. మన జిల్లాల్లో బోరు వెయ్యి అడుగులు దింపినా దుమ్ము లేచిన ఊర్లు చాలా ఉన్నాయి, నీళ్లు పడిన చోట కూడా ఫ్లోరైడు భయం. హిందూపురంలో ఒకప్పుడు ట్యాంకర్ కాడ బిందెలతో కొట్టుకున్నారు, శ్రీశైలం బ్యాక్‌వాటర్ నుంచి హంద్రీ-నీవా కాలవలో కృష్ణా నీళ్లు జీడిపల్లి మీదుగా గొల్లపల్లి రిజర్వాయర్ దాకా వచ్చి, అక్కడి నుంచి టౌనుకు పైప్‌లైను వేసినాక చాలా మారింది. అయితే నువ్వు చూసింది ఊరి బయట ఇల్లు. మున్సిపల్ పైపు ఆ వీధి దాకా ఉందా? బ్రోకర్‌ను అడిగితే "వచ్చేస్తాది సార్" అంటాడు, ఆయనను అడగొద్దు. పక్కింటోళ్లను బతిమాలి సంపు మూత తీసి లోపలికి చూడు, గోడ మీద నీటి గీతలుంటాయి, పైగీత వానాకాలంది, కిందికి దిగేకొద్దీ ఎండాకాలం, అడుగున తెల్లగా గారకట్టి ఉంటే అది బోరు నీళ్ల ఉప్పు. ఇండ్ల ముందర నీలం డ్రమ్ములు వరసగా ఉంటే ట్యాంకర్ల వీధి అని అర్థం.

ఇంకోటి. నీ ఉత్తరం రెండుసార్లు చదివినా, ఓనర్ ఉన్నాడు, ఫ్రెండ్స్ ఉన్నారు, పాప, బాబు ఉన్నారు, మీ ఆవిడ మాట ఒక్క ముక్క లేదు. కొళాయి రాత్రి రెండింటికి వస్తే లేచేది ఆయమ్మే, ఆ మూడు రోజులూ పిల్లోడికి జ్వరమొస్తే ఆస్పత్రికి ఎత్తుకపోయేది ఆయమ్మే. యలహంకలో ఆమెకు ఉద్యోగం ఉందో, నలుగురు తెలిసినోళ్లు ఉన్నారో, అవన్నీ వదిలేసి పోవాల్సింది కూడా ఆమే. నువ్వు ఊరు మారినా సగం వారం బెంగళూరులోనే ఉంటావు, పూర్తిగా మారేది ఆమె ఒక్కతే. నేను ఆ తొమ్మిదేళ్లు బాగానే ఉన్నా, మా అత్త తోడు ఉండబట్టి. ఆమె లేకుంటే ఏమయ్యేదో నేను చెప్పలేను.

కాగితాల గురించి లాయరు చెప్తాడు, నాలుగు మాటలు మాత్రం అంటా. లేఅవుట్‌కు ఎల్పీ నంబర్, అంటే సర్కారు అనుమతి నంబర్, ఉందా, సర్వే నంబర్ 22ఏ జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల్లో, ఉందా, పాతకాలం డీకేటీ పట్టా భూమిని, అంటే సర్కారు పేదోళ్లకిచ్చిన భూమిని, ప్లాట్లు కొట్టినారా చూడు, ఆ ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపించే ఈసీ 30 ఏళ్లది తీయించు. దానికంటే ముఖ్యంగా వంక ఎక్కడుందో చూడు. కరువు ఊర్లో ఎవరూ దీన్ని పట్టించుకోరు, పదేళ్లు నీళ్లు రాకపోయేసరికి వంక కాస్తా రోడ్డయిపోతుంది, ఆ తర్వాత ప్లాట్లయిపోతాయి. 2022 అక్టోబరులో మా అనంతపురంలో నడిమి వంక పొంగి కాలనీలకు కాలనీలు మునిగినప్పుడు, బిందె నీళ్లకు ఏడ్చే ఊర్లో పడవలు తిరిగినాయి. ఊరి ముసలోళ్లను అడిగితే వంక యాడ పారేదో చెయ్యెత్తి చూపిస్తారు.

పాప చదువు విషయం నువ్వు తేలిగ్గా తీసుకున్నట్టున్నావు. మన ఎంసెట్ సీట్లలో, ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు, 85 శాతం లోకల్ వాళ్లకు, దానికి ఇంటర్‌తో ముగిసేట్టు వరసగా నాలుగేళ్లు ఇక్కడ చదివుండాల. కర్ణాటక సీటు కావాలంటే అక్కడ ఏడేళ్లు చదివి, పదో తరగతో రెండో పీయూసీనో, అంటే మన ఇంటర్ రెండో ఏడాదో, అక్కడే పాసయ్యుండాల. పాప ఇప్పుడు ఆరు కాబట్టి తొమ్మిదో తరగతి లోపల ఏదో ఒక వైపు తేల్చుకో, పదో తరగతిలో మారిస్తే రెండు పడవల మీద కాలు.

నా మాట అడిగినావు కాబట్టి చెప్తున్నా, పో, కానీ కొనొద్దు. అదే వీధిలో ఒక ఇల్లు బాడుగకు తీసుకో, మార్చి నుంచి జూన్ దాకా ఒక ఎండాకాలం ఉండండి, యలహంక బాడుగలో సగం కూడా కాదు. అప్పటికీ మీ ఆవిడ ఉందామంటే ఆ ఇల్లే బేరం చెయ్యి, నాలుగు నెల్లలో ఎక్కడికీ పోదు. చూడ్డానికి పోయేటప్పుడు బ్రోకర్ చెప్పినట్టు చల్లగా సాయంత్రం పోవద్దు, మధ్యాహ్నం రెండింటికి పో.

ప్రశ్న: అక్కా, నేను పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీకి సామాన్లు చేసే ఒక కంపెనీలో షిఫ్టు డ్యూటీ. అనంతపురం నుంచి కంపెనీ బస్సులో రోజూ 70 కిలోమీటర్లు పోయొస్తా. పెండ్లి కాలేదు. పెనుకొండలో రూము తీసుకోమంటారు ఫ్రెండ్స్, అమ్మ వద్దంటుంది.
– అనంతపురం

జవాబు: అమ్మ వద్దనేది అన్నం గురించి తమ్ముడూ, రోడ్డు గురించి కాదు. నైట్ షిఫ్టు చేసి తెల్లారి బస్సులో తల వాల్చి, ఇంటికొచ్చి ఎండలో నిద్రపట్టక మళ్లీ సాయంత్రం బస్సు, ఇది ఏడాది చేస్తే మనిషి పాడైపోతాడు. 2019లో కియా కార్లు బయటికి రావడం మొదలైనాక పెనుకొండలో బాడుగలు పెరిగినాయి, ముగ్గురు కలిసి తీసుకుంటే ఏం భారం కాదు. ఊరు చిన్నదే, సాయంత్రమైతే పొద్దుపోదు, కొండెక్కి కోట చూడు. 1565లో తళ్లికోటలో ఓడినాక విజయనగరం రాజులే రాజధాని ఎత్తుకోని పెనుకొండకు వచ్చినారు, నీకేమయింది. వీక్లీ ఆఫ్‌కు అమ్మ దగ్గరికి పోయి సంగటి తినిరా.

ప్రశ్న: మాది తెనాలి అండీ. అనంతపురం సంబంధం వచ్చింది, అబ్బాయి బాగున్నాడు, అక్కడే ఉద్యోగం. మా పిన్ని మాత్రం అక్కడ ఎడారి, తాగడానికి నీళ్లుండవు, కాలువ పక్కన పుట్టిన పిల్లని పంపిస్తారా అంటోంది. నిజమేనా?
– తెనాలి

జవాబు: అమ్మాయ్, మా టౌనుకు పీఏబీఆర్, అంటే పెన్న అహోబిలం రిజర్వాయర్, నీళ్లొస్తాయి, ఎవరూ దాహంతో పోవడంలేదు. కాలువ గట్టు మీద పెరిగినదానివి కాబట్టి మొదటి ఏడాది ఎండకు ఏడుస్తావు, రెండో ఏడాది ఉగ్గాని బజ్జీ లేకుంటే ఏడుస్తావు. మీ పిన్నికి చెప్పు, వచ్చి పది రోజులుండి పొమ్మని, డిసెంబరులో అయితే బాగుంటుంది. ఇంకో చిన్న పని చెయ్యి, అబ్బాయితో ఫోన్‌లో మాట్లాడేటప్పుడు మీ ఇంట్లో కొళాయి ఎన్ని గంటలకు వస్తుందని అడుగు. టక్కున టైం చెప్తే బిందె మోసినోడే. "అమ్మను అడిగి చెప్తా" అన్నాడంటే ఇంకో నాలుగు ప్రశ్నలు అడుగు.