‘మా ఊరికి పోవాల’ అంటున్న అత్తకు నిద్రమాత్ర ఇవ్వొచ్చా?

ప్రశ్న: మా అత్తకు 74 ఏళ్లు. రెండేళ్ల కిందట డిమెన్షియా (మతిమరుపు జబ్బు) అన్నారు. షుగరుకు పదేళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడుతోంది. నెల నుంచి సాయంత్రమైతే చాలు, ‘మా ఊరికి పోవాల, నాయన కాచుకొని ఉంటాడు’ అని గేటు దగ్గరికి పోతోంది. ఆయన చనిపోయి నలభై ఏళ్లయింది. గాజులు నేనే తీశానంటుంది. రాత్రి తను నిద్రపోదు, నన్ను పోనివ్వదు. మొన్న కోపం ఆపుకోలేక చేయి చేసుకున్నాను. మా వారికి బెంగళూరులో ఉద్యోగం. నిద్రమాత్ర ఇవ్వొచ్చా?
– ఒక పాఠకురాలు, కొర్లగుంట, తిరుపతి

జవాబు: మెడికల్ షాపులో అడిగి తెచ్చి వేయకండి. ఈ జబ్బులో ఆల్ప్రజోలామ్ లాంటి నిద్రమాత్రలు అయోమయాన్ని పెంచుతాయి. రాత్రి బాత్రూముకు లేచి తూలి పడితే తుంటి విరగొచ్చు. మత్తుగా ఉంటుందని అలర్జీకి వాడే ఎవిల్ మాత్ర కూడా వద్దు.

‘నెల నుంచి’ అన్నారు చూడండి, నా అనుమానమంతా దాని మీదే. డిమెన్షియా సాధారణంగా మెల్లగా ముదురుతుంది. ఉన్నట్టుండి ఎక్కువైతే వేరే కారణం వెతకాలి. ముసలివాళ్లలో మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉంటే జ్వరం లేకుండానే ఇలా తికమక పడొచ్చు. మలబద్ధకం, రక్తంలో సోడియం తగ్గడం, ఈమధ్య తలకు తగిలిన దెబ్బ, కొత్తగా మొదలుపెట్టిన మాత్ర, ఏదైనా కావచ్చు. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బి12 విటమిన్ తగ్గొచ్చు. అదీ, థైరాయిడూ పరీక్ష చేయించండి. మీ తిరుపతిలోనే స్విమ్స్ ఆసుపత్రిలో న్యూరాలజీ (నరాల వైద్యం), రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉన్నాయి. ఈ వారమే వెళ్లండి.

ఇక ఊరి సంగతి. ‘మీ నాయన ఎప్పుడో పోయాడు కదా’ అని చెప్పిన ప్రతిసారీ ఆమెకు అది కొత్త చావుకబురే. దానికి బదులు ‘మీ నాయనకు సంగటిలోకి ఏం కూర ఇష్టం అత్తా?’ అని అడిగి చూడండి. చాలాసార్లు మాట వంటింటికి మళ్లుతుంది, కాళ్లూ దాని వెంటే. ప్రతిరోజూ పనిచేస్తుందని మాత్రం చెప్పలేను. నాలుగింటికే వీధిలో ఒక చుట్టు తిప్పండి. పొద్దు వాలకముందే లైట్లు వేసి, చేతికి చిక్కుడుకాయలో మల్లెమొగ్గలో ఇవ్వండి. గాజుల గురించి వాదించకండి, కలిసి వెతకండి.

గేటు దాటితే తిరుపతిలో ఇంకో చిక్కుంది. ముసలామె ఒంటరిగా నడుస్తుంటే ఎవరో దర్శనానికి వచ్చారనుకుంటారే తప్ప ఎవరూ ఆపరు. మీ నంబరు రాసిన చీటీ జాకెట్టుకు పిన్నుతో పెట్టండి. ఆటో స్టాండులో, సందు చివరి అంగట్లో ముందే చెప్పి ఉంచండి. కనిపించకపోతే కాసేపు చూద్దామనుకోకుండా 112కు ఫోన్ చేయండి. లోపల పెట్టి బయట తాళం వేసి మాత్రం పోకండి.

చేయి చేసుకున్నందుకు మిమ్మల్ని తిట్టను. నెలరోజులు నిద్ర లేకపోతే ఎవరి ఓర్పయినా అంతే. కానీ మళ్లీ జరగకూడదు. కోపం తలకెక్కుతుంటే ఆమెను కూర్చోబెట్టి పక్కగదిలోకి పోండి. భరించలేననిపిస్తే మానసిక సాయం అందించే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్‌కు, 14416 నంబరుకు, ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు. మీ వారికి ఈ జవాబు చూపించండి. బెంగళూరులో రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి తిరుపతి. వారానికి ఒక రాత్రయినా ఆయన వాళ్లమ్మ పక్కన పడుకోవాలి, మీరు వేరే గదిలో తలుపేసుకొని నిద్రపోవాలి. డాక్టరు దగ్గరికి ఆయననే తీసుకెళ్లమనండి, ఇంట్లో ఉన్న మాత్రల అట్టలన్నీ సంచిలో వేసుకొని.